మూడు పండ్ల దువ్వెనతో మొదలయ్యే మాట

ఇప్పపూలు ఎండబోసిన వాకిలి. అరుగు మీద సారలమ్మ. ఎదురుగా గోనెపట్టా మీద, గనుల కంపెనీ తరఫున నోటీసులు పంచడానికి వచ్చిన చక్రధరరావు. ఇద్దరి నడుమ ఒక కాగితం.

"దగ్గరికి రా సారూ. ఇంకా దగ్గరికి. ఆ పట్టా ఇటు జరుపుకొని కూసో. నా చెవులు మంచిగనే ఉన్నయి, నీ మాటే గొంతు దాటి వస్తలేదు. ఇందాక ఏందో అన్నవు. మళ్ళొకసారి అను."

"ఏముందమ్మా, ఇంగ్లీషు మాట. మీకెందుకది? ఇక్కడ అంగూఠా, అదే వేలిముద్ర, వేసేస్తే నేను బయల్దేరతాను. ఎండ ముదరకముందే టౌన్‌షిప్‌లో ఉండాలి."

"కాయితం నీ పేరు మీద ఉన్నదా, నా పేరు మీద ఉన్నదా?"

"మీ పేరు మీదే. ఇదిగో. సారలమ్మ, భర్త సీతారాములు, లేటు."

"లేటంటే?"

"అంటే... పోయారని."

"ఆయన పోయిండని ఒక్క మాటల తేల్చిండ్రు, మంచిగుంది. మరి నా గురించి రాసిన మాట నాకు తెల్వొద్దా? అను."

"ఎవిక్ట్."

"ఎవిక్టు."

"అంతే. ఇక ఈ వేలు ఇలా..."

"వేలు ఏడికి పోదు, నా చేతికే ఉన్నది. ఎవిక్టు అంటే ఏంది?"

"ఖాళీ చేయించడం."

"కుండను ఖాళీ చేసినట్లా?"

"అలా కాదండీ. ఇప్పుడు మీరు ఈ ఇంట్లో ఉన్నారు. గుట్ట మీద ఇనుపరాయి తవ్వుతారు కదా, ఆ లారీలకి దారి కావాలి. దారి మీ ఇంటి మీదుగా, ఈ ఊరి మీదుగా వెళ్తుంది. కాబట్టి మీరు ఇంకోచోటికి..."

"పోవాలె."

"మారాలి."

"పోవాలె అని చెప్పనీకె నీకు సిగ్గయితాంది. అందుకే ఇంగ్లీషుల అంటున్నవు. హిందీల బేదఖల్ అంటరు గదా? మా నాయన కాలంల అడివి కాసే జంగిల్ నాకేదారు గుర్రమెక్కి వచ్చి ఆ మాటే అంటుండె. అప్పుడు కూడా ఇట్లనే కాయితం, ఇట్లనే సిరా డబ్బా. గుర్రం పోయి మోటర్‌సైకిల్ వచ్చింది. మాటెందుకు మారింది?"

"కంపెనీ పెద్దదమ్మా. పై ఆఫీసు కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కింద హిందీలో కూడా రాశారు చూడండి, చిన్న అక్షరాల్లో."

"కంపెనీ పెద్దగైతే మాట పెద్దగైతది. నా ఇల్లు మాత్రం ఇంతనే. హెయ్! హెయ్! సారూ, ఆ మేక! నీ దిక్కే వస్తాంది, ఇప్పపూలల్ల మూతి పెడతది. తోలు, తోలు!"

"హుష్! హుష్! పో!"

"పోయింది. ఇప్పుడు నువ్వు చేసింది ఎవిక్టేనా?"

"కాదండీ. మేకని ఎవిక్ట్ చేశామని అనరు."

"ఎందుకనరు? అది నా వాకిట్లకు వచ్చింది, నువ్వు తోలినవు, అది పోయింది."

"అది ఇక్కడ కాపురం ఉండట్లేదు కదా. వచ్చింది, వెళ్ళింది. అలాంటిదానికి డ్రైవ్ అవే అంటారు."

"జొన్నచేను మీద చిలకలు వాలితే? నేను పదేండ్ల పిల్లప్పటి సంది మంచె మీద కూసొని వడిసెల తిప్పిన. ఇగో, ఈ భుజం ఇప్పటికి గూడ పైకి లేవదు. ఆ చిలకలను నేను ఎవిక్టు చేసినట్లేనా?"

"కాదు. అది కూడా డ్రైవ్ అవే. బెదరగొడితే స్కేర్ అంటారు."

"అడవిపంది?"

"అదీ అంతే."

"దోమలు?"

"దోమల్ని రిపెల్ అంటారు."

"మాస్టరు పిల్లను బడిల నుండి ఎళ్ళగొడితే?"

"ఎక్స్‌పెల్."

"దయ్యం పట్టిన మనిషి నుండి దయ్యాన్ని?"

"దానికి ఇంకో మాట ఉంది. నాకిప్పుడు గుర్తు లేదు."

"అబ్బో! తోలనీకె ఇన్ని మాటలు పెట్టుకున్నోళ్ళు ఎంతమందిని తోలిండ్రో సారూ. మాకు తోలుడు ఒక్కటే ఉన్నది. మేకకైనా అదే, చిలకకైనా అదే. మరి ఈ ఎవిక్టు ఎవరికి దాచిపెట్టిండ్రు?"

"మనుషులకి. ఇంట్లోనో భూమిలోనో ఉన్నవాళ్ళని చట్టప్రకారం పంపిస్తే ఎవిక్ట్."

"చట్టం లేకుంట పంపిస్తే?"

"అది దౌర్జన్యం."

"రెండిట్ల ఇంటి బయట నిలబడేది ఎవరు?"

"అదీ... ఎలా చూసినా..."

"అను, అను. నేనేమనుకోను."

"మీరే."

"పంది నయం సారూ. దానికి కాయితం రాదు. వచ్చినా అది అంగూఠా పెట్టదు."

"మీరు ఎటు తిప్పినా అక్కడికే తెస్తున్నారమ్మా. నేను గుమస్తాని. మాట నేను పుట్టించలేదు, దారి నేను గీయలేదు."

"నిన్నేమన్న అంటున్ననా? తెలుగు వచ్చినోడివి దొరికినవు కాబట్టి అడుగుతున్న. మొదటిసారి వచ్చినాయన హిందీల చెప్పి, నేను నోరు తెరిచేలోపే బండెక్కిండు. సరే, ఇది చెప్పు. అన్నలకు, పోలీసోళ్ళకు గొడవలైన ఏండ్లల్ల మమ్మల్ని ఊరిడిపించి కొంటా రోడ్డు పక్కన రేకుల కొట్టాలల్ల ఉంచిండ్రు. రెండేండ్లు. నా మనిషి ఆ రేకుల కిందనే పోయిండు, ఎండకు. ఇటోళ్ళు వచ్చి పో అన్నరు. అటోళ్ళు వచ్చి ఎందుకు పోయినవన్నరు. అది ఎవిక్టా?"

"కాదు. దాన్ని... దాన్ని శిబిరం అన్నారు."

"శిబిరం. మంచిగుంది. తిరిగొచ్చి చూస్తే ఈ ఇంట్ల, ఇగో నేను కూసున్న అరుగు ఎనకనే, నడుము ఎత్తు పుట్ట. అండ్ల పాము. పక్కింటి మంగి కర్ర పట్టుకొని వచ్చింది. నేను కొట్టనియ్యలే. రెండేండ్లు మా ఇల్లు చూసినవు తల్లీ, నీకు దండం, మేమొచ్చినం, ఇంక నీ జాగకు నువ్వు పో అన్న. ఒక్క పూటల పోయింది. మరి అది ఇంట్ల కాపురం ఉన్నది గదా? దాన్ని నేను ఎవిక్టు చేసిననా?"

"పాముకి చట్టం వర్తించదండీ."

"అందుకే మాట విన్నది. సరే, ఆ మాట ఏడున్నది కాయితంల? చూపెట్టు."

"మీకు చదవడం రాదుగా."

"మొగం చూస్తే గుర్తుపడత. సంతల వందమంది ఉంటరు, అందరి పేర్లు చదివే గుర్తుపడుతున్ననా? చూపెట్టు."

"ఇదిగో, పైన, పెద్ద అక్షరాల్లో. ఇక్కణ్ణించి ఇక్కడిదాకా."

"ముందు ఇదేంది? మూడు పండ్లే మిగిలిన దువ్వెన."

"అవును... అలాగే ఉంది."

"తరువాత నోరు తెరిచిన పిట్ట ముక్కు. ఆకలైనట్లున్నది దానికి. తరువాత గుంజ. తరువాత కొడవలి. తరువాత ఇది... పైన పలక ఏసిన మంచె."

"అక్కడితో ఎవిక్ట్ అయిపోయింది. ఈ చివరి మూడూ తోక. తోకతో కలిపితే ఎవిక్షన్."

"దానికి తోక గూడనా! దువ్వెన, పిట్ట ముక్కు, గుంజ, కొడవలి, మంచె. మా ఇంట్ల సామానంత ఒక్క మాటల పెట్టిండ్రు సారూ. రాసినాయన ఇల్లంత చూసి పోయిండా ఏంది?"

"హహ... మీరు చదువుకుని ఉంటే మా ఆఫీసు నడిచేది కాదమ్మా."

"నవ్వినవు. నవ్వితే మంచిగున్నవు. ఇందాకట్నుంచి ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్లు కూసున్నవు."

"సరే, ఇంక నా మాట వినండి. ఈ ఊళ్ళో నలభై ఇళ్ళు. ముప్పైతొమ్మిది ఇళ్ళకి తిరిగాను, రెండు రోజులనుంచి. ఒక్క అంగూఠా పడలేదు. ఎవరి గుమ్మంలోకి వెళ్ళినా లోపల్నుంచి 'లేరు' అంటారు. ఆ బిజ్జా ఇంటికి వెళ్తే బిజ్జా లేడని బిజ్జాయే చెప్పాడు!"

"వాడు ఎప్పుడు అబద్ధం చెప్పడు. లేడంటే లేడు."

"నవ్వులాట కాదమ్మా. లేరంటే ఆగుతుందా? తలుపుకి మైదా రాసి అంటించి వచ్చేస్తాం. అంటిస్తే ముట్టినట్టే. రూలు."

"అంటిస్తే ముట్టినట్టే అయితే నా వేలెందుకు? ఈ తడకకు అంటించి పో. కాళ్ళకు నీళ్ళు గూడ అడగకుంట కాయితమే తీసినవు నువ్వు."

"అలా కాదు. పై సాహెబ్ అడుగుతాడు. ఊళ్ళో ఒక్కరైనా ఒప్పుకుని తీసుకున్నారా అని. సారలమ్మ వేలు పడితే ఊరంతా వేస్తారు, ఆమెని పట్టుకో అని ఇవాళ సర్పంచే చెప్పాడు."

"ఆహా! అందుకా ఇంత ఓపిక. నేను పెడితే నలభై ఇండ్లు పెట్టినట్లు."

"అందరికీ మంచిది."

"అందరంటే?"

"అందరంటే అందరూ."

"బిజ్జాకు మంచిదా? మంగికి మంచిదా?"

"పోనీ, మీకు ఆలస్యం లేకుండా కొత్త చోటు చూపిస్తారు."

"నా గురించి అడగలే. నీకేం మంచిది?"

"నాకేముందమ్మా, డ్యూటీ."

"ఊఁ. డ్యూటీ. ఆగు, ఏంది ఆ చప్పుడు? నీ బండికి తగిలిచ్చిన సంచిల ఏదో కొట్టుకుంటాంది."

"ఏం లేదు. కోడి."

"కోడా?"

"సంతలో కొన్నాను. దారే కదా అని."

"ఇయ్యాల సంత ఏడున్నది సారూ?"

"కొంటాలో."

"కొంటా నువ్వొచ్చిన దారిల లేదు."

"అంటే... కొంటా కాదు. అటుపక్క ఏదో చిన్న సంత. పేరు తెలీదు."

"పేరు తెల్వని సంతల కొన్న కోడి. దాని కాలుకు ఎర్రగుడ్డ ఉన్నదా? రెక్కలకు పసుపు ఉన్నదా?"

"మీకెలా తెలుసు?"

"సారూ, సారూ, సారూ! పట్టుకొచ్చినవా దాన్ని? నీ చేతులతోని?"

"పొలిమేర దగ్గర చింతమొద్దుకి కట్టేసి ఉందమ్మా. చుట్టూ చూశాను, ఎవ్వరూ లేరు. దిక్కులేనిది, ఎండలో చచ్చిపోతుందని..."

"పాపం. కూర వండితే చావదు గదా."

"ఎవరిదైనా అయితే ఇచ్చేస్తాను. మీదేనా?"

"దిక్కులేనిదని నువ్వే అనుకున్నవు, సంచిల ఏసుకున్నవు. మా గుట్టను గూడ మీ కంపెనీ అట్లనే అనుకున్నది. తప్పు నీది కాదులే, ఆడ అలవాటైంది. ఇను. మా ఊళ్ళె సగం దోర్ల జాతోళ్ళు, సగం మా తెలుగోళ్ళు. పండగలు వేరు, పెండ్లిండ్లు వేరు. ఊరికి రోగమొస్తే మాత్రం అందరం ఒక్కటే. ఆ దినం ఆడోళ్ళందరు ఇల్లిల్లు ఊడుస్తరు. ఆ చెత్త, అరిగిన చీపురు, పగిలిన కుండ పెంక, అన్ని పాత గంపల ఎత్తుతరు. అన్నం వండి, బెల్లం పెట్టి, కోడికి పసుపు రాసి, హడ్మా డోలు కొడుతుంటే పొలిమేర దాకా నడుస్తం. ఆడ దించి, ఎనక్కి చూడకుంట వస్తం. మా తెలుగుల దాన్ని సాగనంపుడు అంటరు. తోలుడు అనరు."

"రోగాన్ని తిట్టరా?"

"తిడతమా! అమ్మా, వచ్చినవు, తిన్నవు, మా పిల్లలను చూసినవు, ఇంక నీ తొవ్వ నువ్వు చూసుకో అంటం. పిలవకుంట వచ్చినా పోయేటప్పుడు కూడు పెట్టి పంపాలె గదా. రోగానికి గూడ కడుపు నింపి పంపుతం సారూ. నువ్వొచ్చి ఇంతసేపాయె. తిన్నవా ముసల్దానా అని అడగలే నన్ను."

"అది... నేను... తిన్నారా అమ్మా?"

"ఇప్పుడు అడిగినవు, సంతోషం. తిన్న. నీకు అంబలి పోసి పెట్టిన, ఆ చెంబుల. కాయితం మడిచినంక తాగుదువు."

"ఆ కోడి..."

"ఆ కోడి మీద ఎక్కిచ్చి పంపుతం మా ఊరి కష్టాన్ని. ఎవరు ముడితే వాని ఇంటికి పోతది. అందుకే ఈ చుట్టుపక్కల ఏ ఊరోడు దాన్ని ముట్టడు. కిష్టారం దాకా పోయి అడుగు. నక్క గూడ పక్కకెళ్ళి పోతది."

"అయ్యో! ఏ రోగమమ్మా? మా ఆవిడకి అసలే ఆయాసం. అమ్మవారా? వాంతులా?"

"రోగమెక్కడిది? నిన్న పొద్దుగూకే ముందు సాగనంపింది నీ కాయితాలనే."

"ఏంటి?"

"నెల కింద హిందీల ఇచ్చిపోయిండ్రు గదా నలభై ఇండ్లకు నలభై కాయితాలు? అవి గంపల పెట్టినం. అరిగిన చీపుర్ల కింద. నువ్వు కోడినే చూసినవు, గంపను చూడలేదా?"

"చూశాను. అందులో ఏవో కాగితాలున్నాయి... చెత్త అనుకున్నా."

"చెత్తనే."

"నేను ఇప్పుడే వెళ్ళి దాన్ని అక్కడే కట్టేస్తాను. అదే మొద్దుకి."

"కడితే పోదు. అంటిస్తే ముట్టినట్టే అన్నవు గదా నువ్వు? మాది గూడ అంతనే. ముడితే ముట్టినట్టే. నీ రూలు నీకు, మా రూలు మాకు."

"ఇవన్నీ నేను నమ్మనండీ. ముప్పైమూడేళ్ళు మిషన్ల మధ్య పనిచేసినవాణ్ణి."

"నమ్మకు. ఎవరు నమ్మమన్నరు? మరి చేతులెందుకు పంచెకు తుడుచుకుంటున్నవు?"

"చెమట. ఇంక చాలమ్మా, నాకు టైమైపోతోంది. అంగూఠా వెయ్యండి. సిరా డబ్బా... ఎక్కడ పెట్టాను... ఈ సంచిలోనే... అరె, కాగితాలన్నీ..."

"కింద పడ్డయి. ఉండు, గాలికి పోతయి, నేను పడతా. ఇది నాది. ఇది బిజ్జాది గావచ్చు, మడత నలగలే. ఇదేంది?"

"అది ఇటివ్వండి."

"దువ్వెన."

"అమ్మా, అది ఆఫీసు కాగితం. ఇవ్వండి."

"పిట్ట ముక్కు. గుంజ. కొడవలి. మంచె. తోక గూడ ఉన్నది. అదే మాట గదా సారూ? నా కాయితం మీదిదే."

"ఈ ఊళ్ళోవాళ్ళదే ఎవరిదో. ఇవ్వండి."

"ఎనక ఎండిన మైదా ఉన్నది. అంటించి పీకిన కాయితం ఇది. దాంతో నీలిరంగు పెచ్చు ఊడొచ్చింది, చూడు. మా ఊళ్ళె అందరివి తడకలే. నీలిరంగు తలుపు ఎవరికున్నది? అంబలి తాగు సారూ. తాగి చెప్పు."

"నాదేనమ్మా."

"నీదా?"

"మా క్వార్టరు తలుపు నీలం రంగు. రిటైరై ఏడాది అయింది. క్వార్టరు ఖాళీ చెయ్యాలన్నారు. ముప్పైమూడేళ్ళు అందులోనే ఉన్నాం. ఇంకెక్కడా ఏమీ లేదు మాకు. మా ఆవిడ వేసిన సపోటా ఇప్పుడిప్పుడే కాస్తోంది. సాహెబ్ కాళ్ళావేళ్ళా పడితే, ఆ ఊళ్ళో తెలుగువాళ్ళున్నారు, నువ్వెళ్ళి అంగూఠాలు పట్టుకొస్తే అప్పుడు చూద్దాం అన్నాడు."

"చూద్దాం అన్నడా, ఉండనిస్తా అన్నడా?"

"చూద్దాం అన్నాడు."

"నన్ను తోలితే నిన్ను తోలుడు గురించి ఆలోచిస్తడు."

"అలా అనకండి."

"మరెట్ల అనాలె? ఇంగ్లీషుల ఏమంటరో చెప్పు, అట్లనే అంట. కాయితం ఎప్పుడు వచ్చింది నీకు?"

"మూడు రోజులైంది."

"కోడిని ఇయ్యాల ముట్టినవు, కాయితం మూడు దినాల కిందనే వచ్చింది. అయితే మా కోడి పని కాదిది. మా కోడికింత జోరు లేదు. సంతకం పెట్టి తీసుకున్నవా?"

"లేదు."

"ఎందుకు పెట్టలే? పెడితే మంచిదంటివి, అందరికి?"

"పెడితే ఒప్పుకున్నట్టవుతుంది కదా."

"ఓహో. తెచ్చినాయన వచ్చినప్పుడు ఏం చెప్పినవు?"

"ఇంట్లో లేనని చెప్పించాను."

"ఎవరితోని? ఇంటామెతోనా?"

"ఆవిడ గుడికెళ్ళింది. నేనే... లోపల్నుంచి నేనే అన్నాను. చక్రధరరావు గారు లేరు అని."

"హహహ! బిజ్జా! ఓ బిజ్జా! దడి ఎనక ఉన్నవని నాకు తెల్సు, వినబడ్డదా? టౌన్‌షిప్‌ల నీకొక అన్న ఉన్నడురా!"

"అమ్మా, గట్టిగా అరవకండి. పరువు పోతుంది."

"ఇల్లే పోతాంది, పరువెక్కడ పెట్టుకుంటవు? ఆ సిరా డబ్బా మూత పెట్టు. ఎండుతది. నీ కాయితానికి నువ్వు పెట్టలే, నా కాయితానికి నేను పెట్ట."

"మరి సాహెబ్‌కి ఏం చెప్పను? ఈ రశీదు మీద ఏమైనా రాయాలి కదా."

"రాయి. సారలమ్మ ఇంట్ల లేదు."

"మీరు ఎదురుగా కూర్చుని..."

"నీకు ఆ మాట మంచిగ వచ్చు గదా, రాయి. నలభై ఇండ్లు, నలభై మంది లేరు. నలభై ఒకటోది నీది, నువ్వు గూడ లేవు. ఇంత మంది లేని ఊళ్ళల్ల వాళ్ళు ఎవరిని తోలుతరో చూద్దాం."

"...రాశాను."

"చదువు."

"సారలమ్మ, భర్త లేట్ సీతారాములు, ఇంట్లో లేరు."

"ఇన్నేండ్లల్ల నా గురించి రాసిన కాయితాలల్ల నాకు నచ్చింది ఇదొక్కటే. మీ సాహెబ్‌కు కోడికూర ఇష్టమేనా?"

"ఆదివారం వస్తే అదే. ఎందుకమ్మా?"

"ఎర్రగుడ్డ విప్పకుంట తీసుకపోయి ఆయన చేతులల్ల పెట్టు. ఊరోళ్ళు పంపిండ్రని చెప్పు. సంతకం మాత్రం అడగకు. ముడితే ముట్టినట్టే."

"హహహ... అమ్మా, మీరు..."

"నవ్వు, నవ్వు. కండ్లల్ల నీళ్ళు నవ్వువేనా?"

"ఎండకి."

"ఆఁ, ఎండకే. హెయ్! మళ్ళొచ్చింది మేక! ఉండనియ్యి సారూ, తోలకు. నాలుగు పూలు తింటే తింటది. నీ కాయితంల ఎన్ని దినాలు రాసిండ్రు?"

"ఏడు. మూడు అయిపోయాయి."

"నాలుగు ఉన్నయి. నా దాంట్ల?"

"పదిహేను."

"అయితే ఇట్ల చూడు, మొగం నా దిక్కు పెట్టు. సపోటా కాయలన్ని తెంపుకొని, మీ ఇంటామెను ఎక్కించుకొని ఐదో దినం ఈడికి రా. పుట్ట ఉన్న మూల ఊడ్చి పెడత, పాము పోయిన జాగ మంచి సల్లగ ఉంటది. నీ కాయితం దినాలు అయినంక నా కాయితం దినాలు ఇంక పదకొండు ఉంటయి. అవి అయినంక సంగతి అందరం కూసొని ఆలోచన చేద్దాం. పో ఇంక, ఎండ ముదురుతాంది. ఈ ముచ్చట మాత్రం మరవకు అయ్యా. మీ నీలిరంగు తలుపుల వరుస అంత తిరిగి చెప్పు, ఎవిక్టు చెయ్యనీకె పోయిన ఇంట్లనే నాకు జాగ దొరికిందని."